ప్రాణమున్న సరుకు

జ్వరం పుట్టింది ఎక్కడో సముద్రం అవతల. ఆ దేశం పేరు నంజుండప్ప నోటికి సరిగ్గా తిరగదు. అక్కడ ఎవరికో దగ్గు వచ్చిందట. ఆ దగ్గు విని పక్కింటివాడు తలుపు వేసుకున్నాడట. ఇళ్ళ తలుపుల తరువాత ఫ్యాక్టరీల తలుపులు మూతపడ్డాయి. ఫ్యాక్టరీలు మూతపడేసరికి రేవుల్లో ఓడలు నిలబడిపోయాయి. ఆ ఓడల్లో మనకు రావలసిన పట్టుదారం అక్కడే చిక్కుకుంది. దారం లేక ఇక్కడ ధర్మవరంలో మగ్గాలు ఆగాయి. మగ్గాలు ఆగిన తరువాత గానీ షావుకార్లకు జ్ఞాపకం రాలేదు, పట్టుపురుగులు మన దగ్గర కూడా ఉన్నాయని.

అంతకుముందు మన గూళ్ళను వాళ్ళు వేలితో ముట్టేవాళ్ళు కాదు. పోగు తెగుతుందనేవాళ్ళు, మెరుపు లేదనేవాళ్ళు, విదేశీ దారం అద్దంలా ఉంటుందనేవాళ్ళు. ఇప్పుడు అదే నోటితో గుట్టకిందపల్లి గూడంటే బంగారమయ్యా అంటున్నారు. పురుగు మారలేదు, గూడు మారలేదు. ఎక్కడో ఎవరో దగ్గారు, అంతే.

నంజుండప్పది ఆ గుట్టకిందపల్లే. ఊరి చివర చిన్న మల్బరీ తోట, తోటలో రేకుల షెడ్డు, షెడ్డులో పట్టుపురుగులు. పురుగులను పెంచేది ఆయన భార్య సంజీవమ్మ. ఆయన ఆకు కోసుకొచ్చి ఆమె వెయ్యమన్న చోట వేస్తాడు. ముందు వేసిన పంట పాలరోగానికి పోయింది. దాని తరువాతది సున్నపురోగానికి పోయింది. ఈ పంట కూడా పోతే తోట పీకేసి బెంగుళూరు పోవడమే అనుకున్నారు. అక్కడ ఏదో అపార్ట్‌మెంటు దగ్గర బామ్మర్ది వాచ్‌మన్. బావను కూడా రమ్మని ఎప్పటినుంచో పిలుస్తున్నాడు.

"పొద్దస్తమానం గేటు ఎత్తేది, గేటు దించేది. అదీ ఒక బతుకేనా?" అంది సంజీవమ్మ.

"కూసోని చేసే పనే గదా."

"నువ్వు కూసోని తెచ్చిన కూడు నాకు అరగదు."

మాటంటే మాటే. ఆమె ఈసారి షెడ్డులోనే చాప వేసుకుని పడుకుంది. పురుగులకు చలి వేస్తుందని కుంపటి పెట్టింది. గాలి ఆడటం లేదని పరదాలు ఎత్తింది. బంధువులు వస్తే షెడ్డు గడప తొక్కనివ్వలేదు. పురుగులు కుబుసం విడిచే నాలుగు నిద్రలూ దాటి, ఒళ్ళు పసుపెక్కి, చంద్రికలనే వెదురు తడికల మీదికి పాకి గూళ్ళు కట్టాయి. ఆ వెదురు చంద్రికల నిండా పసుపుపచ్చ గూళ్ళు చూసి నంజుండప్ప కండువా తీసి మొహం తుడుచుకున్నాడు.

గూళ్ళనుంచి దారం తీసే బాబావలి పట్నంనుంచి ఫోను చేశాడు. "నంజుండన్నా, నీళ్ళు కాగబెట్టుకోని కూసున్నా. బిన్నా రా."

ఆ తొందరకు కారణముంది. గూడు లోపల పురుగు బతికే ఉంటుంది. రెక్కలు మొలవకముందే గూటిని వేడినీళ్ళలో వెయ్యాలి. ఆలస్యమైతే అది రెక్కల పురుగై గూటికి బొక్క పెట్టుకుని బయటికి వస్తుంది. బొక్క పడిన గూటిలో దారం ముక్కలు ముక్కలై పోతుంది. ఆ తరువాత అది పట్టు కాదు, దూది.

నంజుండప్ప గూళ్ళు సంచులకెత్తి, లగేజీ ఆటో మాట్లాడుకుని బయలుదేరాడు. పట్నానికీ ఊరికీ మధ్య ఒకే ఒక అడ్డం ఉంది. బోయగుట్ట చెక్‌పోస్టు.

*

జ్వరం మూలంగా సరుకుల రాకపోకలు ఆగిపోతున్నాయని పైవాళ్ళు కంగారుపడి, అవి ఆగకుండా చూడటానికి ఒక విభాగం పెట్టారు. దాని పేరు సరఫరా గొలుసు పరిరక్షణ విభాగం. సరుకు ఆగకుండా చూడాలంటే ముందు సరుకును ఆపి చూడాలి కదా. అందుకని రోడ్ల మీద చెక్‌పోస్టులు పెట్టారు.

విభాగంవాళ్ళు బాగా ఆలోచించారు. జ్వరం ప్రాణమున్నదాని నుంచి ప్రాణమున్నదానికి పోతుంది. ప్రాణం లేనిదానికి జ్వరం రాదు. కాబట్టి సరుకును రెండు రకాలుగా విడదీశారు. ప్రాణం లేని సరుకైతే మందు చల్లి పంపేయాలి. ప్రాణమున్న సరుకైతే రెండు వారాలు క్వారంటైన్‌లో పెట్టి, దగ్గు, తుమ్ము ఏమైనా వస్తాయేమో చూసి పంపాలి.

ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తప్పు పట్టినవాళ్ళను కూడా రెండు వారాలు లోపల పెడుతున్నారు.

బోయగుట్ట దగ్గర ప్రత్యేక పరిశీలనాధికారి పేరు వేదాద్రి. అంతకుముందు ఆయన తూనికల శాఖలో తూకపురాళ్ళకు ముద్రలు వేసేవాడు. రాళ్ళు ఎదురు మాట్లాడవు. అందువల్ల ఆయనకు ఎదుటివాడి మాట వినడం అలవాటు కాలేదు. మనిషి మాత్రం చాలా నిజాయితీపరుడు. ఒకరి దగ్గర ఏమీ పుచ్చుకోడు. పుచ్చుకునేవాడైతే జనం ఎలాగో బతికేవాళ్ళు.

నంజుండప్ప వచ్చేసరికి చెక్‌పోస్టు పక్కన ఒక గంప నిండా కోళ్ళు ఉన్నాయి. వాటి యజమాని గంప పక్కనే కూర్చుని గడ్డం పెంచుకుంటున్నాడు. ఆ పక్కన ఒక హోటలాయన ఇడ్లీపిండి బిందె ఉంది. పిండి పొంగుతోంది కాబట్టి అందులో ప్రాణముందని వేదాద్రి గారు తేల్చారు. రోజులు గడిచేకొద్దీ దానిలో ప్రాణం ఇంకా పెరిగి, చెక్‌పోస్టు దాకా వాసన కొడుతోంది.

వేదాద్రి గారు ఫారం ముందు పెట్టుకున్నారు. "సరుకు పేరు?"

"పట్టు గూళ్ళు సార్."

"లోపల ప్రాణమున్నదా?"

ఇక్కడే నంజుండప్ప తన కొంప తాను కూల్చుకున్నాడు. గూళ్ళ మార్కెట్లో కొనేవాడు అడిగే మొదటి మాట కూడా అదే. ప్రాణముందా, చచ్చిందా? చచ్చిన పురుగు లోపల కుళ్ళి గూటికి మరక పడుతుంది, ధర పడిపోతుంది. బతికున్నదే మంచి గూడు. కొనేవాడు నమ్మకపోతే అమ్మేవాడు గూడు తీసి అతని చెవి దగ్గర ఆడిస్తాడు. లోపల లొడలొడమంటే బేరం కుదిరినట్టు. నంజుండప్ప తండ్రి అలాగే ఆడించాడు, తాతా అలాగే ఆడించాడు.

నంజుండప్ప కూడా సంచిలో చెయ్యి పెట్టి, ఉన్నవాటిలో మంచి గూడు ఏరి, వేదాద్రి గారి చెవి దగ్గర పెట్టి ఆడించాడు.

"వినండి సార్. ఎట్ల ఆడతా ఉందో. మా గూళ్ళల్లో సచ్చింది ఒగటి కూడా ఉండదు. మా ఆడమనిషి ప్రాణం పెట్టి పెంచింది."

అక్కడే నిలబడ్డ హోంగార్డు కదిరప్ప కళ్ళు మూసుకున్నాడు. అతనిది పక్క ఊరే. ఈ సంగతులు తెలిసినవాడు.

వేదాద్రి గారు శ్రద్ధగా విన్నారు. రెండో చెవితో కూడా విన్నారు. తరువాత రాసుకుంటూ అడిగారు. "ఎంతమంది?"

"ఎంతమందేంది సార్?"

"లోపల ఉన్నవారు."

"వాటినెవురు లెక్కబెడ్తారు సార్? సంచులైతే చెప్తా."

"సంచులలో కుక్కి ప్రయాణింపజేయడం వేరే నేరం. ప్రస్తుత విపత్కర పరిస్థితుల దృష్ట్యా దానిని చూడనట్లుగా పరిగణిస్తున్నాను. వీరందరినీ దించండి."

ఆటోవాడు సంచులు దించి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. తనను కూడా ప్రాణమున్న సరుకు కింద రాస్తారేమోనని వాడి భయం.

*

చెక్‌పోస్టు పక్కన ఒక కల్యాణ మండపం ఉంది. జ్వరం కాలంలో పెళ్ళిళ్ళు కూడదని దాన్ని మూయించి, క్వారంటైన్ కేంద్రం కింద తెరిచారు. గూళ్ళను అక్కడ పరిచారు. మనిషికీ మనిషికీ మధ్య ఆరడుగుల దూరం ఉండాలని నియమం. ఆ లెక్కన పరిస్తే గూళ్ళు పక్క జిల్లా దాకా పోతాయి. వేదాద్రి గారు గూటిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. చూస్తూ చూస్తూ ఆయన ముఖం వెలిగిపోయింది.

"కదిరప్పా! ఒక్కొక్కరికి ఒక్కొక్క గది. కిటికీ లేదు. తలుపు లేదు. ఎవరూ చెప్పకుండానే తనంతట తాను లోపలికి వెళ్ళి, తానే మూసుకున్నాడు. బయటికి రాడు, ఎవరినీ రానివ్వడు. ఇంతటి బాధ్యతగల పౌరుడిని నా సర్వీసులో చూడలేదు."

మర్నాటికి మండపం ముందు ఫ్లెక్సీ లేచింది. ఒక పక్క పట్టుగూడు, ఒక పక్క వేదాద్రి గారు. మధ్యలో పెద్ద అక్షరాలతో 'పట్టుపురుగును చూసి నేర్చుకుందాం.' ఫొటో తీసినవాడి నేర్పో ఏమో, ఇద్దరికీ పోలిక కనబడుతోంది.

నంజుండప్ప చేతులు కట్టుకుని వెళ్ళాడు. "సార్, వాటిని ఉడకబెట్టాల."

"ఏమన్నారు?"

"కాగే నీళ్ళల్లో ఏసి ఉడకబెట్టాల సార్. ఈ రెండు మూడు దినాల్లోనే. లేకుంటే చేతికి రావు."

వేదాద్రి గారు కుర్చీలోంచి లేచారు. "పరిశీలనలో ఉన్నవారినా? ఈ ప్రభుత్వ సంరక్షణలో ఉన్నవారినా? రైతు గారూ, మీరు ఆవేదనలో మాట్లాడారని భావించి రికార్డు చేయడం లేదు."

కదిరప్ప నంజుండప్పను పక్కకు లాక్కుపోయాడు. "అన్నా, ఆ మాట మల్లా అనాకు. ఆ కోళ్ళాయన నోరు జారి బిర్యానీ అన్న్యాడు. ఆయప్ప మీద ఇంగొక కాగితం రాసినారు. దానికే ఇంగా ఈడ ఉండాడు."

సాయంత్రం బాబావలికి ఫోను చేస్తే అతను దారి చెప్పాడు. "సచ్చిపోయినాయని చెప్పు అన్నా. ప్రాణం లేకుంటే వదుల్తారంట గదా. వాళ్ళ చెవికి మల్లా ఆడించాకు, అంతే."

నంజుండప్ప అబద్ధం ఆడటానికి రాత్రంతా తయారై, పొద్దున్నే వెళ్ళి చెప్పాడు. "సార్, లోపలుండేవి సచ్చిపోయినాయి."

వేదాద్రి గారు టోపీ తీసి బల్ల మీద పెట్టారు. కాసేపు మౌనం పాటించారు. ఆ తరువాత ఫారం తీశారు.

"అందరూనా?"

"అన్నీ సార్."

"క్వారంటైన్‌లో సంభవించిన మరణం జ్వరం వల్ల కాదని తేలేవరకు జ్వరం వల్లనే అని పరిగణించాలి. మృతదేహాలను గదులతో సహా దహనం చేస్తాం. ఇకపోతే, మృతులతో ఇటీవల సన్నిహితంగా మెలిగినవారు ఎవరు? దగ్గరుండి అన్నపానాలు చూసినవారు?"

నంజుండప్పకు సంజీవమ్మ షెడ్డులో చాప వేసుకుని పడుకున్నది గుర్తొచ్చింది.

"లేదు సార్. పొరబాటు. బతికే ఉండాయి. నిద్దరపోతాండాయి."

"రుజువు?"

ఇంకేం చేస్తాడు. మళ్ళీ ఒక గూడు తీసి, ఆయన చెవి దగ్గర పెట్టి ఆడించాడు.

*

విభాగంవాళ్ళు ఆ వారం పత్రికలవాళ్ళకు ఒక ప్రకటన ఇచ్చారు. బోయగుట్ట చెక్‌పోస్టు గుండా రోగమున్న సరుకు ఒక్కటి కూడా పోలేదని అందులో ఉంది. నిజమే. రోగం లేని సరుకు కూడా పోలేదని ఎవరూ అడగలేదు కాబట్టి వాళ్ళు చెప్పలేదు. ధర్మవరంలో మగ్గాల గుంతల్లో పిల్లులు ఈనాయి. బాబావలి నీళ్ళు కాగబెట్టడం, అవి చల్లారడం, మళ్ళీ కాగబెట్టడం చేస్తున్నాడు.

ఆ ఫ్లెక్సీ సంగతి పైదాకా పోయింది. సుగుణవంతులైన ఆ పురుగులను స్వయంగా అభినందించడానికి పర్యవేక్షణ సంఘం చైర్మన్ గారు వస్తున్నారని కబురు వచ్చింది. మండపానికి మామిడాకులు కట్టారు. పెళ్ళిపీటల చోట రెండు పెద్ద కుర్చీలు వేశారు. చైర్మన్ గారు ఒకదానిలో, వేదాద్రి గారు ఒకదానిలో కూర్చున్నారు. చూసేవాళ్ళు చేతుల్లో అక్షింతలు వెతుక్కున్నారు.

సంజీవమ్మ కూడా వచ్చింది. మొగుడికి సద్దిమూట తెచ్చింది. మండపం గడప దగ్గరే ఆగి, ముక్కు ఎగబీల్చింది.

"ఏమయ్యా, వాసన తగల్లేదా నీకు? తడి వాసన."

నంజుండప్పకు తగిలింది. పొద్దుటినుంచి తగులుతూనే ఉంది. తెలియనట్టు కూర్చున్నాడు.

చైర్మన్ గారు మాట్లాడుతున్నారు. "మనిషి చేయలేని పనిని ఒక పురుగు చేసి చూపింది. ఎవరి ఒత్తిడీ లేకుండా, ఎటువంటి ప్రలోభాలకూ లోనుగాకుండా, అది లోపలే ఉన్నది. లోపలే ఉంటుంది. లోపలే..."

ఆయన కాళ్ళ దగ్గర ఉన్న గూటి కొస లోపలి పురుగు ఉమ్మికి తడిసింది. తడిసిన చోట బొక్క పడింది. బొక్కలోంచి తెల్లటి తల ఒకటి బయటికి వచ్చింది. అది చైర్మన్ గారిని చూసింది. చైర్మన్ గారు దాన్ని చూశారు. అది ముడుచుకుపోయిన రెక్కలు విదిలించి, మెల్లగా ఆయన బూటు ఎక్కింది.

తరువాత పక్కది వచ్చింది. తరువాత మండపమంతా వచ్చింది.

"అయిపాయ" అంది సంజీవమ్మ. సద్దిమూట అక్కడే పెట్టి, గడప మీద కూలబడింది.

వేదాద్రి గారి మొహంలో నెత్తురు లేదు. "గడువు పూర్తి కాలేదు! ఎవరు అనుమతించారు? కదిరప్పా, లోపలికి పంపించు!"

కదిరప్ప ఒకదాన్ని తీసి బొక్కలో పెట్టి చూశాడు. "పట్టడం లేదు సార్. లావైనాయి."

అంతలో ఇంకో కష్టం వచ్చిపడింది. ఆ పురుగుకు రెక్కలు రాగానే చేసే పని ఒక్కటే. జంట కట్టడం. పెద్దలున్నారనీ చూడలేదు, ఆరడుగుల దూరమనీ చూడలేదు. ఎక్కడివక్కడ జతలు పడిపోయాయి. చైర్మన్ గారు తల తిప్పుకున్నారు. ఆ పక్కన కూడా అదే.

"అనుమతి లేని వివాహాలు!" అని కేకేశారు వేదాద్రి గారు. "అదీ కల్యాణ మండపంలో! విడదీయండి!"

కదిరప్ప చీపురుపుల్లతో మొదలుపెట్టాడు. ఈ చివర విడదీస్తే ఆ చివర కలుస్తున్నాయి. "అన్నా, ఇందులో మగదేది?" అని నంజుండప్పను అడిగాడు.

"రెక్కలు టపటపా కొట్టుకుంటా తిరిగేది మగది. కదలకుండా కూసోని చూసేది ఆడది."

"మనుషుల్లో కూడా అంతే గదన్నా" అన్నాడు కదిరప్ప. గడప మీద సంజీవమ్మను చూసి నాలుక కరుచుకున్నాడు.

చైర్మన్ గారు లేచి వెళ్ళబోతూ, తన మాటలన్నీ తప్పు అనిపించుకోవడం ఇష్టంలేక ఒక సలహా ఇచ్చారు. "బయటికి వచ్చినవారు కనీసం మాస్కు ధరించాలి కదా."

నంజుండప్ప నిలబడ్డాడు. "వాటికి నోరు లేదు సార్."

"అంటే?"

"రెక్కలొచ్చినాక నోరుండదు సార్. ఇంగ తినేది లేదు, తాగేది లేదు. గుడ్లు పెట్టేది, సచ్చేది. అంతే."

వేదాద్రి గారు వెంటనే రాసుకున్నారు. 'నోరు లేనివారికి మాస్కు నుండి మినహాయింపు.' ఆ రోజు మొత్తంలో ఆయన చేసిన దయగల పని అదొక్కటే.

"నోరుండే మాకేం మినాయింపు ఇస్తాడంట, అడుగు" అంది సంజీవమ్మ. నంజుండప్ప అడగలేదు.

ఆమె లేచి వెళ్ళి, బొక్క పడిన గూడు ఒకటి తీసుకుంది. చెవి దగ్గర పెట్టి ఆడించింది. తరువాత దాన్ని తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. ఆయన కూడా ఆడించాడు. చప్పుడు లేదు.

*

"సార్, ఇప్పుడు గూళ్ళల్లో ప్రాణం లేదు" అన్నాడు నంజుండప్ప మర్నాడు. "నిజంగా లేదు సార్. వినండి. ఖాళీ గూళ్ళన్నా ఇచ్చేయండి. దూది కిందన్నా ఎవురన్నా కొంటారు."

"అవి ఉల్లంఘనకు పాల్పడినవారి నివాసాలు. సీలు వేశాం."

"పోనీ రెక్కల పురుగులు?"

"వారి మీద చర్య తీసుకుంటున్నాం."

ఆ చర్య తీసుకోకముందే అవి చచ్చిపోయాయి. పోతూ పోతూ గుడ్లు పెట్టి పోయాయి. మండపం గోడల మీద, కుర్చీల మీద, మామిడాకుల మీద పెట్టాయి. ఫ్లెక్సీలో వేదాద్రి గారి బుగ్గ మీద ఎక్కువగా పెట్టాయి. అమ్మవారు పోసినట్టుంది.

వేదాద్రి గారు నియమావళి తిరగేశారు. చచ్చిపోయినవాటి కాగితాలు మూసేశారు. కొత్తగా పుట్టినవాళ్ళకు పుట్టిన రోజు నుంచి కొత్తగా గడువు లెక్క వేయాలని అందులో స్పష్టంగా ఉంది.

నంజుండప్ప తల గోక్కున్నాడు. "సార్, ఇవి పురుగులై మల్లా గూళ్ళు కడతాయి."

"సంతోషం. మళ్ళీ బాధ్యతగల పౌరులవుతారు."

"గూళ్ళల్లోంచి మల్లా బయటికొస్తాయి."

"అప్పుడు మళ్ళీ ఉల్లంఘన."

"మల్లా గుడ్లు పెడతాయి సార్."

"అప్పుడు మళ్ళీ గడువు." వేదాద్రి గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఇందులో మీకు అర్థం కానిది ఏమున్నది?"

ఏమీ లేదు. అన్నీ అర్థమయ్యాయి. నంజుండప్ప ఇంటికి పోయి తోట పీకడానికి గడ్డపార తీశాడు.

అదే రోజు మండపంలో గుడ్లు పగిలి పురుగులు పుట్టాయి. ఇవి నోరున్నవి. కేంద్రంలో ఒక్క పురుగు ఆకలికి చచ్చినా వేదాద్రి గారు పైకి జవాబు చెప్పుకోవాలి. ఆయన వాటికి బిస్కెట్టు పొడి వేశారు, తినలేదు. పాలు పోశారు, మునిగాయి. కదిరప్ప సైకిలు మీద తోటకు వచ్చాడు.

"అన్నా, ఆకు గావాల. ఆ పసికూనలు తలకాయలెత్తి చూస్తాండాయి. నాకు చూడబుద్ది కాలేదు."

నంజుండప్ప గడ్డపార దించలేదు. "మీ సారుని పెట్టమను."

సంజీవమ్మ మాత్రం అప్పటికే ఆకు కోస్తోంది. "దొర తప్పు చేస్తే పురుగు ఏం చేసిందయ్యా?" అంది.

ఆకు మోపు చెక్‌పోస్టు దగ్గరికి వచ్చింది. వేదాద్రి గారు ఆకును పరీక్షగా చూశారు. పచ్చగా ఉంది. కోస్తే పాలు కారుతున్నాయి. ప్రాణముంది. ప్రాణమున్న సరుకు రెండు వారాలు ఆగాలి.

"రెండు వారాలకు ఎండిపోతాది సార్" అన్నాడు కదిరప్ప.

"ఎండితే ప్రాణం పోతుంది. అప్పుడు తక్షణమే పంపవచ్చు."

"ఎండిందాన్ని అవి తినవు సార్. అవి సచ్చిపోతాయి."

ఆయన చాలాసేపు ఆలోచించారు. రూలు మార్చడానికి వీల్లేదు, పురుగు చావడానికీ వీల్లేదు. తెలివైన మనిషి కాబట్టి మూడో దారి పట్టారు. ఆకు చెక్‌పోస్టు దాటితేనే కదా ఆపాలి? తోటనే కేంద్రంలో కలిపేస్తే దాటే పనే లేదు. తోట నుంచి మండపం దాకా రోడ్డు పక్కన తాడు కట్టించారు. ఎర్రబట్టలు వేలాడదీశారు. తోట వాకిట్లో బోర్డు పెట్టారు, బయటివారికి ప్రవేశం లేదని.

నంజుండప్ప గడ్డపార పట్టుకుని ఆ బోర్డు ముందు నిలబడ్డాడు. చదవడానికి కొంచెం సేపు పట్టింది.

"బయటివారంటే ఎవురు కదిరప్పా?"

"కేంద్రంలో పనిచేయనోళ్ళు అన్నా."

"నేను?"

కదిరప్ప నేల చూశాడు. "సారు చెప్పమన్న్యాడు. కేంద్రానికి స్థానికుల్లోంచి ఒక వాచ్‌మన్ గావాలంట. ఉద్యోగంలో చేరితే నీ తోటలోకి నువ్వు పోవచ్చంట."

*

సంవత్సరం తిరిగింది. పురుగులు గూళ్ళు కట్టడం, రెక్కలొచ్చి బయటపడటం, గుడ్లు పెట్టడం ఎన్నిసార్లు జరిగాయో వాటికీ తెలియదు. మండపం చాలక పక్కనున్న గోడౌను కూడా తీసుకున్నారు. సంజీవమ్మ లోపల ఆకు వేస్తుంది. ఆమెను సంరక్షణ సహాయకురాలు అంటారు. దారం మాత్రం ఒక్క మూర బయటికి రాలేదు.

విభాగంవాళ్ళు వార్షిక నివేదిక వేశారు. బోయగుట్ట కేంద్రంలో పట్టుపురుగుల సంతతి ఊహించని స్థాయిలో పెరిగిందనీ, విదేశాల మీద ఆధారపడవలసిన అవసరం తీరే రోజు దగ్గరపడిందనీ రాశారు. వేదాద్రి గారికి ప్రమోషన్ వచ్చింది. సన్మాన సభలో ఆయనకు పట్టుశాలువా కప్పారు. అద్దంలా మెరుస్తోంది. ఎక్కడి పట్టు అని ఒకరిద్దరు అడిగారు. విదేశీ దారమండీ, తెగదు అని చెప్పారు.

సముద్రం అవతల జ్వరం తగ్గిపోయింది మరి. తలుపులు తెరుచుకున్నాయి, ఓడలు కదిలాయి. ఇక్కడ మాత్రం విభాగం కొనసాగుతోంది. పోయిన జ్వరం మళ్ళీ వస్తే అప్పటికప్పుడు సిబ్బంది ఎక్కడ దొరుకుతారు?

ఒకరోజు మధ్యాహ్నం చెక్‌పోస్టు దగ్గర లారీ ఒకటి ఆగింది. నంజుండప్ప ఖాకీచొక్కా సర్దుకుంటూ స్టూలు మీంచి లేచాడు. కొత్త సారు భోజనానికి పోతూ, ఎవరొచ్చినా ఫారం ప్రకారం అడిగి పంపమని చెప్పిపోయాడు. క్యాబిన్లో డ్రైవరు పక్కన బాబావలి కూర్చుని ఉన్నాడు.

బాబావలి ఖాకీచొక్కా వంక చూసి, చూపు తిప్పుకున్నాడు.

"పొయ్యి ఆర్పేసినా నంజుండన్నా" అన్నాడు. "ఎన్ని దినాలని నీళ్ళు కాగబెట్టేది? ఇప్పుడు ఈ దారమే తెచ్చి మగ్గాలకు ఏస్తాండా. కమీషను. ఓడలో వచ్చింది. ఆ దేశందే."

"ఆ జ్వరం పుట్టిన దేశందేనా?"

"దాందే."

నంజుండప్ప తల ఊపాడు. లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. సరుకు మీద కప్పిన పట్టా ఒక మూల ఎత్తి చూశాడు. తెల్లటి దారం, అద్దంలా ఉంది. మండపం కిటికీలోంచి సంజీవమ్మ చూస్తోంది. లోపల పురుగులు ఆకు తింటున్న చప్పుడు రోడ్డు దాకా వినిపిస్తోంది.

ఆయన ముందుకు వచ్చి నిలబడ్డాడు. అడగవలసిన మాట ఒకటే.

"లోపల ప్రాణముందా?"

బాబావలి గొంతు సరిచేసుకున్నాడు. "లేదన్నా."

నంజుండప్ప లారీ మీద మందు చల్లి, గేటు తాడు విప్పాడు. రాయి కట్టిన కొస కిందికి దిగింది, అడ్డంగా ఉన్న వెదురు పైకి లేచింది. లారీ వెళ్ళిపోయింది. దుమ్ము తగ్గేదాకా నిలబడి, ఆయన మళ్ళీ గేటు దించాడు.